మా అమ్మ ఓపికని మెచ్చుకోకండి

మొన్నొక సాయంత్రం చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో పుస్తకావిష్కరణ. సభ అయిపోయి అందరూ టీలు తాగుతున్నారు. ఒక పెద్దాయన మా అమ్మ దగ్గరికొచ్చి చేతులు జోడించాడు. "మీ ఓపికకి దండం పెట్టాలమ్మా. సార్‌ని చంటిపిల్లాడిలా చూసుకుంటున్నారు. మీరు మనిషి కాదు, దేవత" అన్నాడు. చుట్టూ ఉన్న నలుగురూ తలలూపారు. అమ్మ నవ్వింది. ఆ 'చంటిపిల్లాడు' ముప్ఫై ఏళ్లు డిగ్రీ విద్యార్థులకి ఛందస్సు చెప్పిన మనిషి. అమ్మ పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయనతో ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు.

గానసభ నుంచి అశోక్‌నగర్‌లో మా ఇంటికి మామూలు మనిషికి పావుగంట నడక. మాకు ముప్పావుగంట పట్టింది. దారిలో అమ్మ అంది: "నాకు ఓపిక ఉన్నదని వీళ్లకు ఎవరు చెప్పిండ్రు బిడ్డా? ఇయ్యాల పొద్దున గోలి ఏసుకోనని మొండికేస్తే స్టీలు గ్లాసు గోడకేసి కొట్టిన. తర్వాత బాత్రూంల నల్లా ఇప్పుకోని ఏడ్చిన. గది ఓపికనా?"

గ్లాసు సంగతి నాకు తెలీదు. ఆ టైముకి నేను మెట్రోలో ఆఫీసుకి పోతున్నాను, చెవుల్లో పాటలు పెట్టుకుని.

అమ్మ అడిగిన ప్రశ్న ఆ పెద్దాయనకి వినపడలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆయన చెడ్డవాడు కాదు. నాకు తెలిసిన సాహిత్య లోకంలో చాలామంది ఆయనలాంటి మంచివాళ్లే. వాళ్లందరికీ నా విన్నపం ఒకటే. మా అమ్మ ఓపికని మెచ్చుకోకండి. మా నాన్న ధైర్యాన్ని కూడా మెచ్చుకోకండి. ఈ రెండు మాటలూ అనేసి మీరు వెళ్లిపోతారు. మేం వాటిని మోసుకుంటూ ఇంటికి రావాలి.

*

నాన్నకి పార్కిన్సన్స్. 2018లో తేలింది. మన వైపు వణుకుడు రోగం అంటారు, ఆయుర్వేదంలో కంపవాతం. పేరులోనే వణుకు ఉంది కాబట్టి వణుకే జబ్బనుకుంటాం. మెదడు అడుగున డోపమైన్ తయారు చేసే కణాలు మెల్లమెల్లగా చచ్చిపోతుంటాయి. చెయ్యి వణకడం బయటికి కనిపించేసరికి అందులో సగానికి పైగా పోయి ఉంటాయని డాక్టర్లు చెప్తారు. అంటే వణుకు జబ్బుకి మొదలు కాదు. వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో కాళ్లూ చేతులూ విసరడం చాలామందిలో ఏళ్ల ముందే వస్తాయి. నాన్న నిద్రలో ఎవరితోనో పోట్లాడుతూ అమ్మ మొహం మీద కొట్టాడు, ఒకసారి కాదు, చాలాసార్లు. అమ్మ ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఏమనుకుంటారు? మంచం మార్చుకుని హాల్లో పడుకోవడం మొదలుపెట్టింది. నేను వాళ్లిద్దరికీ పడట్లేదనుకున్నాను.

ఈ జబ్బు చేసే అసలు నష్టం అదీ. ఒకరినొకరు తప్పుగా చదువుకుంటాం.

నా మొదటి కథ 2017లో ఒక పత్రికలో అచ్చయింది. పత్రిక తీసుకెళ్లి నాన్న చేతికిచ్చాను. నాకు అక్షరాలు నేర్పిన మనిషి, నా చిన్నప్పుడు నేను పలక మీద 'ఋ' సరిగ్గా దిద్దితే ఇల్లంతా వినపడేలా నవ్విన మనిషి. ఆ రోజు పత్రిక చదివి మూసి పక్కన పెట్టాడు. మొహంలో ఏ కదలికా లేదు. కళ్లు కూడా సరిగ్గా ఆర్పలేదు. "బాగుంది" అన్నాడు, పక్కగదిలో ఎవరో అన్నట్టు వినపడింది. నచ్చలేదని అర్థం చేసుకున్నాను. ఆ తర్వాత రెండేళ్లు కథ రాయలేదు. ఆయనతో పొడిపొడిగానే మాట్లాడాను. ఒకసారి భోజనాల దగ్గర "ఎందుకు నాన్నా ఎప్పుడూ మొహం అట్లా పెట్టుకుంటావ్, మేమేం పాపం చేశాం?" అని అరిచాను కూడా. ఆయన నా వైపు చూశాడు. అదే మొహంతో.

డాక్టర్ చెప్పాక తెలిసింది, అది మొహం పెట్టుకోవడం కాదని. ముఖ కండరాలు బిగుసుకుపోతాయి. లోపల నవ్వు వస్తుంది, బయటికి రాదు. గొంతు కూడా అంతే. తను గట్టిగానే మాట్లాడుతున్నాననుకుంటాడు, ఎదుటివాళ్లకి గుసగుసలా వినపడుతుంది. చేతిరాత చిన్నదైపోతుంది. అలమారాలో ఆ పత్రిక మళ్లీ నా కంటబడ్డది 2019లో. నా కథ పేజీల అంచుల వెంట చీమల బారులాగా ఏవో గీతలు. భూతద్దం పెట్టి చూశాను. ప్రతి పేరాకీ ఒక మాట రాసి ఉంది. ఒకచోట క్రియ తప్పని దిద్దాడు. ఒకచోట "ఇక్కడ ఏడిపించింది" అని రాశాడు.

లిండా టికిల్-డెగ్నెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు చాలా ఏళ్లు ఈ బిగుసుకున్న ముఖాల మీదే పనిచేసింది. చికిత్స చేసేవాళ్లు, అంటే అన్నీ తెలిసినవాళ్లు కూడా, ఆ ముఖాన్ని చూసి మనిషి స్వభావాన్ని తక్కువగా అంచనా వేస్తారని ఆమె పరిశీలనల్లో తేలింది. ముభావి అనీ, ఎవరితోనూ కలవడనీ అనుకుంటారు. అన్నీ తెలిసినవాళ్లకే అట్లా ఉంటే గానసభ మెట్ల దగ్గర టీ తాగేవాళ్లని ఏమంటాం? అందుకే ఆ రోజు ఎవరూ నాన్నతో మాట్లాడలేదు. మొహంలో జవాబు కనపడని మనిషితో మాట్లాడటం కష్టం. పక్కన జవాబిచ్చే మొహం ఒకటుంది, అమ్మది. కాబట్టి మెచ్చుకోళ్లన్నీ అటు వెళ్లాయి.

*

మా వీధి సంగతి చెప్పాలి. అశోక్‌నగర్ అంటే మీకు గ్రూప్స్ కోచింగులు, స్టడీ హాళ్లు, హాస్టళ్లు, రోడ్డంతా జిరాక్స్ నోట్సు గుర్తొస్తాయి. సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి మా గల్లీ దాకా సాయంత్రం పూట ఇసకేస్తే రాలదు. పిల్లలందరూ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందా అనే తొందరలో ఉంటారు. ఆ జనం మధ్యలో నాన్న ఉన్నట్టుండి ఆగిపోతాడు. ఆగడం కాదు, కాళ్లు నేలకి అతుక్కుపోతాయి. ఇంకో అడుగు వెయ్యాలని మెదడు చెప్తుంది, కాలు వినదు. వెనక వచ్చేవాళ్లు గుద్దుకుంటారు. "ఏం అంకుల్, రోడ్డు మధ్యల నిలబడ్డరు" అంటారు. ఒకసారి ఒక కుర్రాడు పక్కనున్నవాడితో "పొద్దుగాలనే ఏసినట్టున్నడు" అన్నాడు. జీవితంలో ఎన్నడూ చుక్క ముట్టని మనిషి నాన్న. ఆ మాట ఆయనకి వినపడింది. చెవులు బాగానే పనిచేస్తాయి. తర్వాత మూడు నెలలు గడప దాటలేదు.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. వాడికి పాలిటీ, ఎకానమీ, తెలంగాణ ఉద్యమ చరిత్ర అన్నీ వచ్చి ఉంటాయి. నడుస్తున్న మనిషి నడక మధ్యలో కొయ్యబారిపోయే జబ్బు ఒకటుంటుందని వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లలో మనమూ ఉన్నాం, కథలూ కవిత్వాలూ రాసుకునేవాళ్లం. నేను చదివినంతలో మన కథల్లో వణికే చెయ్యి ముసలితనానికి గుర్తు. లేదంటే పిల్లలు పట్టించుకోని తండ్రికి గుర్తు. ఆ చెయ్యి పేదరికానికీ ఒంటరితనానికీ పనికొచ్చింది. ఆ చేతికి ఉన్న జబ్బు గురించి మాత్రం ఎవరూ అడగలేదు.

జేమ్స్ పార్కిన్సన్ 1817లో తన చిన్న పుస్తకంలో ఆరుగురి గురించి రాశాడు. వాళ్లలో కొందరు ఆయన దగ్గరికి వైద్యానికి వచ్చినవాళ్లు కాదు. లండన్ వీధుల్లో నడుస్తుంటే చూసినవాళ్లు. ఆయన మారుపేరుతో రాజకీయ కరపత్రాలు రాసిన మనిషి కూడా, ఆ లెక్కన మనవాడే. మందుల దుకాణం నడుపుకునే ఒక వైద్యుడు దారిన పోయేవాళ్ల నడకని ఆగి చూశాడు. జబ్బుకి ఆయన పేరు మిగిలింది. ఆ పుస్తకంలో ఆయన ఒక పొరపాటు కూడా చేశాడు. ఇంద్రియాలూ బుద్ధీ చెక్కుచెదరవని రాశాడు. దిగులూ భయమూ ఆందోళనా ఈ జబ్బులో భాగమేనని వైద్యులు ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. మనం ఇంకా ఆ 1817 దగ్గరే ఉన్నాం.

అతుక్కుపోయిన కాలిని కదిలించే కిటుకులున్నాయి. ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పింది. కింద గీతలుంటే వాటిని దాటుతున్నట్టు అడుగెయ్యాలి. అందుకే నాన్న చదునైన నేల మీద ఆగిపోతాడు కానీ మెట్లు చకచకా ఎక్కుతాడు. నారాయణగూడ చౌరస్తాలో జీబ్రా గీతలు తెల్లగా ఉన్న రోజు మామూలు మనిషిలా దాటుతాడు, వెలిసిపోయిన రోజు మధ్యలో ఆగుతాడు. చిక్కడపల్లి మెట్రో స్టేషన్‌లో మెట్లెక్కడం చూసినవాళ్లు, ఆ తర్వాత ప్లాట్‌ఫాం మీద ఆగిపోతే నాటకమనుకుంటారు. ఇంకో కిటుకు లయ. ఒక తాళం పట్టుకుని నడవడం. తెలుగు మాస్టారికి తాళం ఎవరు నేర్పాలి? "కందం పట్టుకుంటా" అన్నాడు. నాలుగు మాత్రల గణం, గణానికో అడుగు. కాలు ఆగినప్పుడల్లా లోపల్లోపల గగ, భ, జ, స, నల అనుకుంటాడు. "బతుకంతా మాత్రలు లెక్కపెట్టుడే అయింది నాది. అప్పుడు పద్యంల, ఇప్పుడు డబ్బాల" అని ఒకరోజు అన్నాడు. ఆ వాక్యం పూర్తవడానికి నిమిషం పైన పట్టింది. ఇంట్లో ఉన్న చుట్టం సగంలోనే లేచి టీవీ సౌండు పెంచాడు.

*

డబ్బా మాత్రల గురించి ఇంకొకటి చెప్పాలి. చెప్పొద్దని అమ్మ చాలాకాలం బతిమాలింది. ఇప్పుడు రాయమంది.

2021లో ఇంటికి పార్సిళ్లు రావడం మొదలైంది. టార్చిలైట్లు, పెన్నులు, గడియారాలు, మళ్లీ టార్చిలైట్లు. అటుకులు కూడా మూడు కొట్ల దగ్గర రేటు అడిగి కొనే మనిషి నాన్న. ఐదు నెలల్లో పెన్షన్ డబ్బు, ఫిక్స్‌డ్ డిపాజిట్లో కొంత పోయింది. పార్సిల్ విప్పేవాడు కాదు. ఒకటి వస్తే ఇంకొకటి. అడిగితే అబద్ధాలు చెప్పాడు. నలభై ఏళ్ల కాపురంలో అమ్మ ఆయన నోట అబద్ధం వినలేదు. "మీ నాన్న మారిపోయిండు. ఈయన వేరే మనిషి" అంది. రాత్రుళ్లు ఫోన్ దాచేది, ఆయన వెతికేవాడు. దొంగా పోలీసూ అయ్యారిద్దరూ.

చాలా రోజులకి ఒక యువ డాక్టర్, పేరున్న పెద్ద డాక్టర్ గదిలో మూలన కూర్చునే అమ్మాయి, మందుల చీటీ చూసి మామూలుగా అడిగింది: "ఈ మధ్య ఏమన్నా ఎక్కువ కొంటున్నారా? పేకాటలాంటివి?" అమ్మ అక్కడే ఏడ్చేసింది. నాన్న వేసుకుంటున్న మాత్రల్లో ప్రమిపెక్సోల్ ఒకటి. డోపమైన్‌లా పనిచేసే మందు. కొందరిలో అది మనసుకున్న కళ్లాలు తెంపేస్తుంది. జూదం, కొనుగోళ్లు, తిండి, కామం, ఏదో ఒక దాని వెంట పరిగెత్తిస్తుంది. తెలిసిన దుష్ఫలితమే. మందు మొదలుపెట్టిన రోజు మాకెవరూ చెప్పలేదు, చూసిన సమయం నాలుగు నిమిషాలు. మోతాదు మెల్లగా తగ్గించారు. రెండు నెలల్లో పార్సిళ్లు ఆగాయి. నాన్న మాత్రం సిగ్గుతో కుంగిపోయాడు. ఇవాళ్టికీ బజారుకి డబ్బు చేతికిస్తే తీసుకోడు.

ఈ ఐదు నెలల్లోనే మా చుట్టాలూ స్నేహితులూ ఆయనకి ధైర్యం చెప్తూ వచ్చారు. "మనసు గట్టిగా ఉంటే ఏ జబ్బూ ఏం చెయ్యలేదు సార్." ఫోన్లకి మహమ్మద్ అలీ వీడియో పంపారు, 1996లో అట్లాంటాలో వణికే చేతితో ఒలింపిక్ జ్యోతి వెలిగించినది. గొప్ప దృశ్యమే, నేనూ ఏడ్చాను. కానీ ఆ వీడియో నిమిషం కన్నా ఎక్కువ ఉండదు. ఆ రాత్రి అలీ చొక్కా గుండీలు ఎవరు విప్పారో అందులో ఉండదు. అసలు మనసు గట్టిగా ఉండటానికి కావలసిన రసాయనాన్నే ఈ జబ్బు తినేస్తోంటే, 'మనసు గట్టిగా పెట్టుకో' అనడం కాలు విరిగినవాడిని ఆ కాలితోనే నడిచి ఆసుపత్రికి రమ్మనడమే. దిగులు పడితే ధైర్యం లేనివాడు. ఏడిస్తే ఓడిపోయినవాడు. జబ్బు సరిపోనట్టు ఇదొక పరీక్ష.

దూలగొండి పొడి తెచ్చిచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లని వెటకారం చెయ్యను. దూలగొండి గింజల్లో నిజంగానే లెవోడోపా ఉంది. 1937లోనే దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు మన దేశపు శాస్త్రవేత్తలు దాన్ని వేరుచేసి చూపించారు. నాన్న వేసుకునే ప్రధానమైన మాత్రలో ఉన్నదీ ఆ పదార్థమే. అందుకే దాని మీద ఇది కూడా తింటే మోతాదు మించిపోతుంది, ఒళ్లు మెలికలు తిరుగుతుంది. తెచ్చినవాళ్లకి ఆ సంగతి తెలీదు, తెచ్చి ఇచ్చాక మళ్లీ రాలేదు. 'వాడారా? గుణం కనపడిందా?' అని మెసేజ్ మాత్రం పెడతారు. వాడలేదంటే అమ్మదే తప్పు.

*

ఇప్పుడు స్ట్రా గురించి.

2020 అక్టోబర్ 8న రాంచీలో ఫాదర్ స్టాన్ స్వామిని అరెస్టు చేశారు. వయసు 83, పార్కిన్సన్స్. తలోజా జైల్లో గ్లాసు పట్టుకోలేక, స్ట్రా, సిప్పర్ ఇప్పించమని నవంబర్‌లో కోర్టుని అడగాల్సి వచ్చింది. దాని మీద స్పందించడానికి ఎన్‌ఐఏ 20 రోజుల గడువు కోరింది. అదే కేసులో మన వరవరరావు కూడా ఉన్నాడు కాబట్టి హైదరాబాద్ సాహిత్య లోకం ఆ వార్తని బాగా పట్టించుకుంది. స్ట్రా బొమ్మ ఎంతమంది ప్రొఫైల్ పిక్చర్‌గా పెట్టుకున్నారో నాకు గుర్తుంది. సిప్పర్లు కొని జైలుకి పార్సిల్ చేసినవాళ్లున్నారు. చెయ్యాల్సిన పనే. ఆయన బెయిల్ రాకుండానే 2021 జులై 5న ముంబైలో ఒక ఆసుపత్రిలో చనిపోయాడు. ఆ రోజు నాన్న చాలాసేపు తన గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాడు. మొహంలో ఏమీ లేదు. అప్పటికి నాకు కొంచెం చదవడం వచ్చింది కాబట్టి పక్కన కూర్చున్నాను.

కరోనా తగ్గాక సభలు మళ్లీ మొదలయ్యాయి. నాన్నని తీసుకెళ్లాను. సభ తర్వాత టీ వచ్చింది. నిండా పోసిన చిన్న పేపర్ కప్పు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకి అంతకన్నా కష్టమైన వస్తువు లేదు. నేను సంచిలోంచి స్ట్రా తీసి కప్పులో వేశాను. వేడి టీ, స్టీలు స్ట్రా. నాన్న వంగి తాగుతుంటే చూశాను, చుట్టూ ఉన్న చూపుల్ని. కొందరు పక్కకి తిరిగారు. ఒకాయన నవ్వాడు. ఒకామె "అయ్యో, సార్ ఎట్లుండేవారు" అంది, సార్ అక్కడ లేనట్టు. వాళ్లలో కనీసం ఇద్దరి ఫేస్‌బుక్ గోడ మీద ఆ స్ట్రా బొమ్మ నేను చూశాను.

నేను అబద్ధాలకోరులని అనట్లేదు. జైలు గోడల అవతల ఉన్న స్ట్రా వాళ్లకి అర్థమైంది. అది ప్రతీక. మూడడుగుల దూరంలో టీ చుక్కలు కారుతున్న స్ట్రా అర్థం కాలేదు. దానికి ప్రతీక కావడం చేతకాలేదు, ఒట్టి స్ట్రాలాగా ఉండిపోయింది. మనకి బాధ దూరంగా ఉంటే సాహిత్యం, దగ్గరికొస్తే ఇబ్బంది. నాన్న ఆ తర్వాత సభలో టీ వద్దనడం మొదలుపెట్టాడు. తర్వాత సభలే వద్దన్నాడు. మొన్న గానసభకి రావడం దాదాపు రెండేళ్ల తర్వాత, అదీ ఆయన శిష్యుడి పుస్తకం అయితే. వచ్చిన మనిషికి దొరికింది 'చంటిపిల్లాడు' అన్న బిరుదు.

*

"మంచిమాటే కదమ్మా, మెచ్చుకుంటే తప్పేంటి?" అని అడుగుతారని తెలుసు. ఒక స్నేహితురాలు అడిగింది కూడా. చెప్తాను.

ఓపిక అనే మాట ఒకసారి మనిషి మీద వేశాక దాన్ని దించడం కుదరదు. దేవతకి విసుగు రాకూడదు, నడుం నొప్పి రాకూడదు. 'ఇవాళ నేను చెయ్యను' అనకూడదు. గ్లాసు గోడకేసి కొట్టానని దేవత ఎవరికి చెప్పుకుంటుంది? అమ్మకి అరవయ్యారేళ్లు, షుగరు. పొద్దున ఆరింటికి మొదటి మాత్ర. అక్కణ్ణుంచి నాలుగు గంటలకొకటి. పప్పన్నం దగ్గర్లో మాత్ర వేస్తే ప్రొటీన్ అడ్డుపడి మందు సరిగ్గా ఎక్కదు, కాబట్టి తిండికీ మాత్రకీ మధ్య గడియారం పట్టుకుని కూర్చోవాలి. మందు ఎక్కిన రెండు గంటలు నాన్న మనిషి, దిగిపోతే కొయ్య. రాత్రి మంచంలో అటు నుంచి ఇటు తిప్పడానికి అమ్మ మూడుసార్లు లేస్తుంది. ఏడేళ్లుగా ఇదీ ఉద్యోగం. జీతం లేదు, సెలవు లేదు. పొగడ్త ఉంది. ఈ ఉద్యోగం చేసేది ఎక్కువగా మన ఇళ్లలో ఆడవాళ్లే. మగవాడు రోగి అయితే భార్య దేవత. భార్య రోగి అయితే మా గల్లీలోనే ఒక ఇంట్లో చూశాను, పెళ్లైన కూతురు వచ్చి దేవత అయింది.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అందులో గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో పార్కిన్సన్స్ ఉంది. ఎక్కువ సహాయం అవసరమైనవాళ్లకి సంరక్షకుల భత్యం గురించి 24వ సెక్షన్లో రాశారు. అయితే పథకాలన్నీ ప్రభుత్వం తన ఆర్థిక స్థోమతకి లోబడి రూపొందించాలని అదే సెక్షన్ మొదట్లో ఉంది. ప్రభుత్వానికి స్థోమతను బట్టి అనే మినహాయింపు దొరికింది. అమ్మకి దొరకలేదు. ఏడేళ్లలో ఆసుపత్రిలో గానీ ఆఫీసులో గానీ సభలో గానీ ఈ భత్యం మాట మాకు ఎవరూ చెప్పలేదు. ఓపిక గురించి మాత్రం అందరూ చెప్పారు. ఒక మనిషికి ఇవ్వాల్సినది ఇవ్వకుండా ఉండటానికి పొగడ్త కన్నా చవకైన మార్గం లేదు.

ఈ మాట నాకూ తగులుతుంది. రెండేళ్ల కింద మాతృదినోత్సవానికి అమ్మ ఫొటో పెట్టి 'ఓపికకి చిరునామా' అని రాశాను. మూడొందల పైన లైకులొచ్చాయి. ఆ వారం మా ఆఫీసువాళ్లు ఇంటి నుంచి పనిచెయ్యడానికి ఒప్పుకున్నారు. నేనే వద్దన్నాను, ఇంట్లో ఉంటే ఊపిరాడదని. నాకు ఊపిరాడని ఇంట్లో అమ్మ పద్నాలుగు గంటలుంటుంది. నేను ఓపిక అని రాసింది ఆమె గురించి కాదు. నేను తప్పించుకోవడానికి కట్టుకున్న వంతెన అది. అందుకే ఇతరులు కట్టుకుంటుంటే గుర్తుపట్టగలుగుతున్నాను.

మరి ఏం చెయ్యమంటావ్ అంటారు. పెద్దవేం లేవు. నాన్నతో మాట్లాడేటప్పుడు ఆయన వైపు చూడండి, అమ్మ వైపు కాదు. ఒక ప్రశ్న అడిగితే నిమిషం ఆగండి, వాక్యం మీరు పూర్తి చెయ్యకండి. టీ సగం కప్పే పొయ్యండి. రోడ్డు మీద కాళ్లు అతుక్కుపోతే చెయ్యి పట్టి లాగకండి, పడిపోతారు. పక్కన నిలబడి ఒకటీ రెండూ అని లెక్కపెట్టండి, లేదా మీ కాలు అడ్డంగా పెట్టి దాటమనండి. సభ పెట్టేవాళ్లు కింది వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంచండి. అమ్మకి దండం పెట్టే బదులు 'ఆదివారం మూడు గంటలు నేనుంటాను, మీరు ఎటైనా వెళ్లి రండి' అనండి. అనడం కాదు, రండి. ఏడేళ్లలో ఆ మాట అన్నది ఒక్కరే, కింది పోర్షన్ హాస్టల్లో వంట చేసే అక్క. ఆమె ఎప్పుడూ ఓపిక అనే మాట వాడలేదు. "నువ్వు పడుకోపో, నేను గోలేస్త" అంటుంది.

*

గానసభ నుంచి వచ్చిన మరుసటి ఆదివారం నేనే ఉన్నాను. అమ్మ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కి వెళ్లింది, సుదర్శన్‌లో మ్యాట్నీ. ఒక్కతే. వెళ్లేముందు మూడుసార్లు వెనక్కొచ్చి మాత్రల డబ్బా చూపించింది.

గంటన్నర బాగానే గడిచింది. తర్వాత నాన్న బాత్రూం గడప దగ్గర ఆగిపోయాడు. కందం అందుకోమన్నాను. అందలేదు. గీతలాగా టవల్ పరిచాను. అయినా కాలు లేవలేదు. ఇంతలో బట్టలు తడిచిపోయాయి. నేను అరిచాను. ఏమని అరిచానో రాయను. నా ఓపిక సరిగ్గా తొంభై ఐదు నిమిషాలని తెలిసింది. తుడిచి, బట్టలు మార్చి, కుర్చీలో కూర్చోబెట్టి, ఇద్దరం మాట్లాడకుండా ఉన్నాం. చాలాసేపటికి ఆయన పెదాలు కదిలాయి. దగ్గరికి వంగి విన్నాను. "కథ... ఏమన్న... రాస్తున్నవా?" అన్నాడు. రాస్తున్నానన్నాను. అబద్ధమే.

సాయంత్రం అమ్మ వచ్చింది. కొంగుకి పాప్‌కార్న్ వాసన. సినిమా ఎట్లుందని అడిగాను. "ఏం సినిమానో, సగం నిద్రవోయిన. ఏసీల మస్తు నిద్రవట్టింది" అంది. నాన్న వైపు చూసి, "అగో, నవ్వుతుండు చూడు మీ నాన్న" అంది.

నేను చూశాను. మొహం ఎప్పటిలాగే ఉంది. "ఎక్కడ?" అన్నాను.

"ఎడమ కంటి కింద. కొంచెం ముడత పడ్తది. చూస్తే తెలుస్తది" అని, కాళ్లు కడుక్కోవడానికి లోపలికి వెళ్లింది.

కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. ఎడమ కంటి కింద చూస్తూ.